గలగలయ్య తాళాలగుత్తి

ఇంటాయన వస్తుంటే ముందు తాళాలు వినపడేవి, ఆ తర్వాతే మనిషి కనపడేవాడు. అద్దెకిచ్చిన తొమ్మిది గదుల తాళంచెవులు, తన సొంతింటి తాళంచెవి, బీరువాది, బండిది, అన్నీ ఒకే ఇనప రింగుకి గుచ్చాడు. రింగుకి గొలుసు, గొలుసు చివర నడుముకున్న తోలు బెల్టు. విడిపోకుండా రివిట్లు కూడా కొట్టించుకున్నాడు. "ఈ గుత్తి నా నడుం దిగిన రోజు నేను పోయినట్టే" అని గొప్పలు పోయేవాడు. గదుల్లో ఉండే ఆడపిల్లలందరూ కాలేజీ పిల్లలే. వాళ్లు ఆయనకి గలగలయ్య అని పేరు పెట్టారు.

పిల్లలు క్లాసులకి పోయాక గదుల్లో దూరేటప్పుడు మాత్రం ఆ గలగల ఉండేది కాదు. గుత్తిని గుప్పిట్లో నొక్కిపెట్టి, పిల్లిలా మెట్లెక్కేవాడు.

ఈ సంగతి మొదట పసిగట్టింది ఆరో గది పిల్ల. ఆమె తండ్రి తాళాలు బాగుచేసే మేస్త్రి. అందుకే గదుల్లో పిల్లలందరూ ఆమెని మేస్త్రీ అనే పిలిచేవాళ్లు. తాళంలో నూనె పోస్తే దుమ్ము పడుతుందని, పెన్సిల్ ముల్లు నూరి ఆ పొడి ఊదడం తండ్రి అలవాటు. కూతురికీ అదే అబ్బింది. ఆ పొడి తాళంచెవికి అంటుతుంది, చెవి నుంచి వేళ్లకి అంటుతుంది. మేస్త్రి తన తాళంచెవిని ప్రతిసారీ గుడ్డతో తుడుచుకునేది, అదే గదిలో తనతో ఉండే, అందరూ పొట్టిది అని పిలిచే పిల్ల తాళంచెవినీ తుడిచిపెట్టేది. గలగలయ్యకి ఆ గొడవ తెలియదు కదా. పొట్టిదాని తెల్లటి మందుల డబ్బా మీద నల్లటి బొటనవేలి ముద్ర పడింది. డైరీ అట్ట మీద ఇంకో రెండు.

అక్కడితో పోతే పోనీ అనుకోవచ్చు. కానీ ఆ మహానుభావుడు డబ్బా మీద పేరు చదివి, ఎవరినో అడిగి, పొట్టిదాని తండ్రికి ఫోన్ చేశాడు. "మీ అమ్మాయి మతికి సంబంధించిన మాత్రలు మింగుతోందండీ. తలుపు తీసి ఉంటే దారినపోతూ చూశాను. నాకూ ఆడపిల్లలున్నారు, మనసొప్పక చెబుతున్నాను."

బెంగ పట్టి నిద్రపోలేక, తనంతట తానే డాక్టరు దగ్గరికి పోయి తెచ్చుకున్న మాత్రలవి. వాటితోనే ఆ పిల్ల ఆ ఏడాది పుస్తకం ముందు కూర్చోగలిగింది. తండ్రి బస్సు డ్రైవరు. కూతురికి ఫోన్ చేసి, ఇంటాయన చెప్పింది వినిపించి, రెండే ముక్కలు అన్నాడు. "చదువు చాలు. శుక్రవారం పదకొండుకి వచ్చి తీసుకుపోతా."

పరీక్షలు పది రోజుల్లో ఉన్నాయి.

ఇద్దరూ పిల్లలకి బయట గదులు ఇప్పించే కాలేజీ వసతి ఆఫీసుకి పరిగెత్తారు. గదిలోకి రావాలంటే ఒక రోజు ముందు చెప్పాలని అద్దె ఒప్పందంలో ఇంటాయన సంతకంతో సహా ఉంది. ఆఫీసరు మేడం కాగితం చూసింది, డబ్బా చూసింది. "మసి ఎవరిదైనా కావచ్చు కదమ్మా. ఆయన రాలేదంటున్నారు. ఆధారం తెండి" అని ఫైలు మూసేసింది.

"ఆధారమే కావాలా?" అంది మేస్త్రి మెట్లు దిగుతూ. "తెస్తా. తలుపుకి వేలాడదీసి మరీ చూపిస్తా."

"పోనీలేవే" అంది పొట్టిది ముక్కు తుడుచుకుంటూ. "మా నాన్న ఎలాగూ నమ్మడు. పెద్దమనిషి మాట ముందు నా మాటెంత?"

"పోనిస్తే నేను మేస్త్రి కూతుర్నే కాదు. ఏడుపాపి శుక్రవారం దాకా ఓపిక పట్టు."

ఆదివారం మేస్త్రి, తన తండ్రి కొట్టుకి పోయింది. ఆరో గది తలుపుకున్న రకం తాళమే ఇంకోటి ఏరుకుని, విప్పి, లోపల చెవితో పాటు తిరిగే బిళ్లలో పక్కన రెండు గుంటలు తొలిచింది. గలగలయ్య దగ్గరున్న పాత చెవి పెడితే అది దూరుతుంది, సగం తిరుగుతుంది. అక్కడ స్ప్రింగు మేకులు గుంటల్లో పడి కరుచుకుంటాయి. ఇక ముందుకు పోదు, వెనక్కి రాదు. తమకి మాత్రం ఇరుక్కోకుండా తిరిగేలా వేరే పళ్లతో కొత్త చెవులు కోసుకుంది.

తండ్రి కళ్లద్దాలు పైకి తోసి చూశాడు. "గుంట ఇంకాస్త లోతు తియ్యి. ఎవరి కోసమే ఇది?"

"మా ఇంటాయన కోసం నాన్నా."

ఆయన సన్న ఆకురాయి తీసి చేతిలో పెట్టాడు.

శుక్రవారం పొద్దున్నే తాళం మార్చేసింది. తొమ్మిదిన్నరకి ఇద్దరూ మెట్ల మీద నిలబడి, కింద గలగలయ్యకి వినపడేలా అరుచుకున్నారు.

"పెట్టె సర్దేశావా?"

"ఆ, మంచం కింద పెట్టా. ఉత్తరాలూ డైరీ అందులోనే ఉన్నాయి. సర్టిఫికెట్లు తెచ్చుకుని పదకొండుకి వస్తా."

పోయి వీధి మలుపులో జిరాక్సు షాపు దగ్గర నిలబడ్డారు. డ్రైవరు పదకొండుకి ఐదు నిమిషాల ముందే దిగాడు, జీవితంలో ఒక్క బస్సు ఆలస్యం చేసిన మనిషి కాదు. కూతురి మొహం వైపు చూడకుండా "పద" అన్నాడు. ముగ్గురూ మెట్లెక్కారు.

ఆరో గది తలుపుకి గలగలయ్య అతుక్కుని ఉన్నాడు.

చెవి తాళంలో, రింగు చెవికి, గొలుసు రింగుకి, గొలుసు చివర ఆయన. ఒక కాలు తలుపుకి తన్నిపెట్టి లాగుతున్నాడు. పక్క గోడ గూట్లో చేతికందిన నూనె సీసా తీసి పోసినట్టున్నాడు, తలుపంతా జిడ్డు కారుతోంది. బెల్టు విప్పితే ప్యాంటు జారుతుంది. అంతకంటే ముఖ్యం, గుత్తి వదిలిపోతే తన ఇంటి తాళంచెవితో సహా సాక్ష్యం అక్కడే వేలాడుతుంది. గంట నుంచీ ఆ మొండితనంతోనే వేలాడుతున్నాడు.

"రండి బాబాయ్ గారూ" అంది మేస్త్రి డ్రైవరుతో. "దారినపోతూ చూసిన పెద్దమనిషి ఈయనే. తలుపు తీసి ఉందేమో మీరే చూడండి."

"గ్యాస్ వాసన వచ్చిందండీ, అందుకే..." అన్నాడు గలగలయ్య.

"గదిలో గ్యాస్ ఎక్కడుంది అంకుల్? మా పొయ్యి కరెంటుది."

గోల విని మిగతా గదుల తలుపులు తెరుచుకున్నాయి. ఆ పూట క్లాసుల్లేని నలుగురు బయటికొచ్చారు. "ఏంటి గలగలయ్యా, ఇవాళ సద్దు లేదే?" అందో పిల్ల. అందరూ పగలబడి నవ్వారు. ఇంతకాలం ఎవరూ ఆ పేరుతో ఆయన మొహం మీద పిలవలేదు.

డ్రైవరు నవ్వలేదు. గొలుసుని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. "నా కూతురి మందులు నీ చేతికెలా వచ్చాయిరా?" అన్నాడు. గొంతు పెరగలేదు, కానీ గలగలయ్య తలుపుకే నక్కాడు. డ్రైవరు వెనక్కి తిరిగి, మొదటిసారి కూతురి మొహం చూశాడు.

"ఆ మాత్రలు... వేసుకుంటే నిద్ర పడుతోందా?"

"పడుతోంది నాన్నా. చదువు ఎక్కుతోంది."

"అయితే మానకు." మెట్ల వైపు తిరిగి, "పరీక్షలయ్యాక వస్తా" అన్నాడు.

మేస్త్రి ఫోన్లో ఫొటోలు తీసి ఆఫీసరు మేడంకి పంపింది. కింద రాసింది: ఆధారం తలుపుకి వేలాడుతోంది, వచ్చి చూసుకోండి. తర్వాత సంచిలోంచి ఇనుము కోసే కటింగ్ ప్లేయరు తీసి, రింగుని మధ్యకి కత్తిరించింది. చెవులు గలగలమని నేల మీద రాలాయి. పిల్లలు వంగి ఎవరి గదిది వాళ్లు ఏరుకున్నారు, క్లాసుల్లో ఉన్నవాళ్లవి కూడా.

"నా ఇంటిదీ, బీరువాదీ ఇవ్వమ్మా" అన్నాడు గలగలయ్య, ఖాళీ గొలుసు పట్టుకుని.

"అవి ఆఫీసులో ఉంటాయి అంకుల్, సంతకం పెట్టి తీసుకోండి."

"కనీసం తాళంలో ఇరుక్కున్నదైనా తియ్యి! నీకు రెండు నిమిషాల పని కదా!"

"నిమిషం పనే. కానీ తలుపు ముట్టుకోవాలంటే ఒక రోజు ముందు చెప్పాలి, మీరు సంతకం పెట్టిన మాటే. ఇప్పుడు చెప్పారుగా, రేపు పదకొండుకి మేడం ముందే తీస్తా."

కొత్త చెవి పెట్టడానికి ఆ తాళంలో చోటు లేదు. ఆ రాత్రి ఇద్దరూ పక్క గదిలో పడుకున్నారు. పొట్టిది సంచిలో వెంట ఉంచుకున్న డబ్బాలోంచి మాత్ర వేసుకుని, తొందరగానే నిద్రపోయింది.