అలిగే లెన్సు

పొద్దున్నే షట్టరు ఎత్తగానే ఫొటో అక్క ముందు లైటు వెయ్యదు, చీపురు పట్టదు. కెమెరా మూతికున్న మూత తీసి, మెత్తటి పాత గుడ్డతో లెన్సు మొహం తుడుస్తుంది. "ఏం ముసలమ్మా, నిద్ర బాగా పట్టిందా?" అని అడుగుతుంది. ముసలమ్మ జవాబు చెప్పదు. లెన్సులు మాట్లాడవు కదా. ఈ లెన్సుకి వచ్చిందల్లా అలగడం ఒక్కటే.

పేరుకి తగ్గట్టు ముసలమ్మకి లేని జబ్బు లేదు. ఫొటో నడిమధ్య మొహం సూదిమొనలా వస్తే, పక్కన నిలబడ్డ బావమరిది భుజాలు మీగడలా జారిపోతాయి. వెనకాల చెట్టుంటే ఆకులన్నీ సుడి తిరుగుతాయి. పక్కనుంచి వెలుతురు పడితే ఫొటో మీద ఎవరో పాలు ఒలకబోసినట్టు ఉంటుంది. పైగా గాజు పోసినప్పుడు లోపల చిక్కుకుపోయిన గాలిబుడగ ఒకటి. దాని పుణ్యమా అని ప్రతి ఫొటోలో ఎక్కడో ఒకచోట బఠాణీ గింజంత వెలుగుచుక్క. "చెవి పక్కన పడితే లోలాకు అనుకోండి, నెత్తిమీద పడితే అదృష్టం అనుకోండి" అని అక్క అందరికీ సర్ది చెబుతుంది. అంతా అలాగే అనుకుంటారు. తమ మొహం తమకి నచ్చేది ఆ స్టూడియోలోనే అని వాళ్ళకి తెలుసు మరి. అందుకే అక్క కెమెరా పాతబడ్డప్పుడల్లా కొత్తది కొంది గానీ, మధ్యలో ఇత్తడి రింగొకటి బిగించి, ముసలమ్మని మాత్రం దాని మొహాన అలాగే ఉంచింది.

ఇక అలక సంగతి. తన ముందు కూర్చున్నవాళ్ళలో ఎవరికైనా అన్యాయం జరిగి ఉంటే ముసలమ్మకి ఆవిరి పట్టేస్తుంది. గుడ్డ పెట్టి తుడిస్తే పోయే ఆవిరి కాదు. అన్యాయం చేసినవాళ్ళు నోరు తెరిచి ఒప్పుకోవాలి. అదీ కడుపులోంచి రావాలి, పెదాల మీంచి వస్తే కుదరదు. వీధిలో అందరికీ తెలిసిన విషయమే. అందుకని ఫొటోకి బయల్దేరేముందు తల దువ్వుకున్నట్టే గొడవలు కూడా తేల్చుకుని వస్తారు. ఇంట్లో తేలనివి ఇక్కడికి మోసుకొస్తారు. అలాంటి వాళ్ళకోసమే గోడవారగా రెండు కుర్చీలు ఎక్కువ ఉంటాయి.

ఆవేళ వచ్చింది టైలరమ్మ, ఆవిడ తోడికోడలు. ఇద్దరూ కలిసి ఒకే కొట్లో బట్టలు కుడతారు. కొట్లో గోడకి పెట్టుకోవడానికి జంటగా ఒక ఫొటో కావాలన్నారు. స్టూలు మీద పెద్దావిడ టైలరమ్మ కూర్చుంది, వెనక చిన్నావిడ నిలబడింది. ఇద్దరూ నవ్వారు. అక్క కెమెరాలో కన్ను పెట్టింది. లోపలంతా తెల్లటి ఆవిరి.

అక్క నిట్టూర్చి, స్టూలొకటి లాక్కుని కూర్చుంది. "చెప్పండి. ఎవరికి అన్యాయం జరిగింది?"

"మాకేం గొడవల్లేవమ్మా" అంది టైలరమ్మ.

చిన్నావిడ పైకప్పు వైపు చూసింది.

"అలా పైకి చూస్తున్నావంటే ఉంది" అంది అక్క.

"మా కొట్లో టేబులు ఫ్యాను" అంది చిన్నావిడ. "దాని మెడ విరిగిపోయింది. ఎప్పుడూ ఈవిడ వైపే తిరిగి ఉంటుంది. నేను గోడవార మెషిను మీద పోయిన ఎండాకాలం అంతా ఉడికిపోయాను. కుట్టిన బట్ట కస్టమరుకి ఇస్తే, ఉతికి ఆరేయకుండానే ఇచ్చావేంటమ్మా అని అడిగింది."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే నువ్వు ఇవ్వవు, పైగా చెప్పానని పేరొస్తుంది."

"సరే, నాదే తప్పు, చాలా?" అంది టైలరమ్మ. అక్క లోపలికి చూసి అడ్డంగా తల ఊపింది. ఆవిరి అంగుళం కూడా కదల్లేదు. టైలరమ్మ మూతి ముడుచుకుని కొంగు చివర మెలిపెట్టింది. తర్వాత నెమ్మదిగా, "మెడ విరగలేదు. నేనే దానికి తాడు కట్టేశాను" అంది.

ముసలమ్మ మొహం కడిగిన పళ్ళెంలా తేటపడింది. చిన్నావిడ నోరు తెరిచి ఏదో అనబోతుంటే అక్క బటన్ నొక్కేసింది. ఫొటో అద్భుతంగా వచ్చింది: ఒకావిడ సిగ్గుతో, ఇంకొకావిడ కోపంతో, ఇద్దరి మధ్యా బఠాణీ గింజంత వెలుగు. ప్రింటు కోసం ఇద్దరూ ఆ ఎక్కువ కుర్చీల్లో సర్దుకుని, తాడు ఎప్పుడు కట్టిందీ, ఏ ముడి వేసిందీ గుసగుసగా తేల్చుకుంటున్నారు.

అంతలో అక్క తమ్ముడు వచ్చాడు.

తమ్ముడంటే అక్క ఎత్తుకు పెంచినవాడు. బూట్లకి లేసు కట్టడం, సైకిలు తొక్కడం, ఎదుటి మనిషి కళ్ళలోకి చూసి మాట్లాడటం అన్నీ ఆమె నేర్పినవే. ఇప్పుడు స్టూడియో కౌంటర్లో అతను కూర్చుంటాడు, వెనకగదిలో అక్క ఫొటోలు తీస్తుంది. ఎవరైనా మెచ్చుకుంటే కౌంటర్లో ఉన్నవాడినే మెచ్చుకుంటారు. అతను "థాంక్సండీ" అంటాడు. గోడకి ఇవతల అక్కకి ఆ థాంక్సు ప్రతిసారీ వినిపిస్తుంది. పోనీలే అనుకుంటుంది. ఆ పోనీలేలన్నీ మూటకట్టి ఉంటే ఈపాటికి గదిలో అక్క నిలబడటానికి చోటు ఉండేది కాదు.

"అక్కా, మాల్‌లో మన కొత్త స్టూడియో ఖాయమైంది" అన్నాడు తమ్ముడు. "గాజు తలుపులు, ఏసీ. కొత్త లెన్సుకి ఆర్డరిచ్చేశాను. ఒక్క లోపం ఉండదట. అంచు నుంచి అంచు దాకా ముక్కు మీద రంధ్రాలు కూడా లెక్కపెట్టుకోవచ్చు."

"ముక్కు మీద రంధ్రాలు లెక్కపెట్టుకోవడానికి ఎవరొస్తార్రా?"

"అదే క్వాలిటీ అంటే. దీన్ని చూడు." ముసలమ్మ వైపు వేలు చూపించాడు. "అంచులు లేవు, చుక్క పడుతుంది, రంగులు చెదురుతాయి, పైగా అలుగుతుంది. మాల్‌లో కస్టమర్లని కూర్చోబెట్టి, ఎవరికి అన్యాయం జరిగిందని అడుగుతామా? గడ్డమాయన కొంటానన్నాడు. ఇంకాసేపట్లో వచ్చి పట్టుకుపోతాడు."

అక్క చేతిలోని గుడ్డ నలిగిపోయింది. గడ్డమాయన తెలియనివాడేం కాదు. ఎక్కడెక్కడో ఖరీదైన ఫొటోలు తీస్తాడు. అయినా నెలకోసారి వచ్చి, ముసలమ్మని ఓ పూట అరువడిగి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుపోయి, సాయంత్రానికి దిగులుగా తెచ్చి ఇస్తాడు. ఇప్పుడు ఏకంగా తీసుకుపోతాడన్నమాట. అక్కతో ఒక్క మాట లేకుండా. కళ్ళు తుడుచుకున్నంత పదిలంగా తను రోజూ తుడిచిన లెన్సుని, పాత స్టవ్వు అమ్మేసినట్టు అమ్మేశాడన్నమాట. కడిగెయ్యాల్సిన మాట గొంతు దాకా వచ్చింది. అలవాటు కొద్దీ గొంతు దగ్గరే ఆగిపోయింది.

"నన్ను అడగలేదేం?"

"నీకు కష్టం లేకుండా చేద్దామనే కదక్కా" అంటూ తమ్ముడు జేబులోంచి రెండు కార్డులు తీశాడు. "మాల్ వాళ్ళ గుర్తింపు కార్డులు. మన ఫొటోలు అతికించి ఇవాళే ఇచ్చెయ్యాలి. కొత్త లెన్సు ఇంకా రాలేదు, దీంతోనే కానిచ్చేద్దాం. నువ్వు కూర్చో, నేను తీస్తాను."

అక్క కార్డులు చూసింది. తమ్ముడి కార్డు మీద 'ప్రధాన ఫొటోగ్రాఫర్' అని అచ్చు వేసి ఉంది. తన కార్డు మీద 'సహాయకురాలు' అని ఉంది.

ఎవరికి సహాయం? దేనికి సహాయం? వాడు బటన్ నొక్కుతుంటే ఈమె గొడుగు పట్టాలా, మంచినీళ్ళు అందించాలా? ఒకే ఒక్కసారి చేతికి కెమెరా ఇస్తే మూత తియ్యకుండా క్లిక్కు కొట్టి, ఫొటో నల్లగా వచ్చిందేంటని అడిగినవాడు ప్రధానమా? ఒళ్ళంతా మండిపోయింది. కార్డు వాడి మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. వెళ్ళి కెమెరా ముందున్న స్టూలు మీద కూర్చుంది.

కూర్చున్నాక తెలిసింది, ఇన్నేళ్ళలో ఆ స్టూలు మీద కూర్చోవడం అదే మొదటిసారి అని. ముసలమ్మ ముందునుంచి ఇలా ఉంటుందా? గుండ్రటి గాజు, లోపల బుడగ, ఎవరో తలెత్తి కళ్ళలోకి చూస్తున్నట్టు.

తమ్ముడు కన్ను పెట్టాడు. "ఏమీ కనబడటం లేదే. మూత తీశావా?"

"తీశాను."

వాడు ముందుకొచ్చి చూశాడు. లెన్సు నిండా ఆవిరి. మామూలుగా పట్టే పొర కాదు, చలికాలం బాత్‌రూము అద్దంలా చిక్కగా, బొట్లు బొట్లుగా కారుతోంది. ఇత్తడి రింగు కూడా తడిసింది. గుడ్డతో తుడిచాడు. ఊదాడు. జుట్టు ఆరబెట్టే మెషిను తెచ్చి వేడిగాలి కొట్టాడు.

"తుడిస్తే పోయే అలకైతే మా ఇంట్లో ఎప్పుడో పోయేది బాబూ" అంది కుర్చీలోంచి టైలరమ్మ. "అడుగు."

"ఏం అడగాలి?"

"అందరినీ మీ అక్క ఏమడుగుతుందో అదే."

తమ్ముడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "సరే. ఎవరికి అన్యాయం జరిగింది?"

ముందున్నది ఒక్క మనిషే. ఆ ఒక్క మనిషీ పళ్ళు బిగించి కూర్చుంది. అడగడమే గానీ చెప్పడం ఆమెకి ఎప్పుడూ అలవాటు లేదు.

"చిన్నప్పుడు నీ రంగు పెన్సిళ్ళు విరగ్గొట్టి పక్కింటివాళ్ళ మీద చెప్పాను" అన్నాడు తమ్ముడు. కెమెరాలో చూశాడు. ఒక మూల చిటికెడు తేటపడింది. "పోయిన వారం నీ గొడుగు బస్సులో మర్చిపోయి, ఇంట్లోనే పోయిందన్నాను." ఇంకో చిటికెడు.

"ఇలా అయితే తెల్లారుతుంది" అంది చిన్నావిడ. "పెద్దది చెప్పండి."

"పెద్దది ఏముందండీ? మంచి సంపాదన చూపిస్తున్నాను, ఏసీలో కూర్చోబెడుతున్నాను. నేనేం తప్పు చేశాను?"

తేటపడ్డ రెండు మూలలూ మళ్ళీ మూసుకుపోయాయి.

సరిగ్గా అప్పుడే గడ్డమాయన లోపలికొచ్చాడు. మెడలో గుడ్డ సంచీ, మొహంలో పెళ్ళికొడుకు కళ. లెన్సుని చూడగానే ఆ కళ కాస్తా దిగిపోయింది. ముసలమ్మనీ, స్టూలు మీది అక్కనీ, చెమటలు పట్టిన తమ్ముణ్ణీ వరసగా చూశాడు.

"అలిగిందా?"

"కాసేపట్లో తగ్గిపోతుందండీ, మీరు కూర్చోండి" అన్నాడు తమ్ముడు.

"వద్దు బాబూ. అలిగినదాన్ని ఇంటికి తీసుకెళ్ళను. ఇంట్లో ఇప్పటికే ఒకరున్నారు." సంచీ మడతపెట్టుకున్నాడు. "నా దగ్గర లోపంలేని లెన్సులు అర బీరువా ఉన్నాయి. వాటితో ఎవరు తీసినా ఒకటే. దీనికి మటుకు కోపం ఎప్పుడొస్తుందో, వెలుతురు ఎటునుంచి పడితే పాలు ఒలుకుతాయో తెలిసిన మనిషి కావాలి. ఆ మనిషి కూడా వస్తే తీసుకుంటానమ్మా అని మీ అక్కతో ఎన్నోసార్లు అన్నాను. నవ్వి ఊరుకుంది." చెప్పి వెళ్ళిపోయాడు.

తమ్ముడు తలవంచుకుని ఆ రెండు కార్డుల్నీ తిప్పుతూ కూర్చున్నాడు.

"ఎవరు తీసినా ఒకటే అన్నాడు చూశావా" అన్నాడు చివరికి. "అందుకే ఆర్డరిచ్చానక్కా ఆ కొత్తదానికి. దీంతో నేను ఎన్నిసార్లు తీసినా మనుషులు బురదలో పడ్డట్టు వచ్చేవాళ్ళు. నువ్వు లేనప్పుడు దొంగతనంగా తీసి, చెరిపేసేవాణ్ణి. నాకు ఫొటో తియ్యడం రాదు. కౌంటర్లో నన్ను మెచ్చుకున్న ప్రతి ఫొటో నీది. ఒక్కసారి కూడా, మా అక్క తీసిందండీ అనలేదు. అలవాటైపోయి, నిజంగా నేనే తీశానేమో అనిపించేది. కార్డు మీద అచ్చు వేయించేటప్పుడు కూడా అలాగే అనిపించింది."

ఆవిరి గప్పున పోయింది. లెన్సు తళతళలాడింది.

"నొక్కరా" అంది అక్క. గొంతు దగ్గర ఆగినదంతా మొహంలోకి వచ్చేసింది. "కదిలించకుండా నొక్కు. ఊపిరి బిగపట్టు."

నొక్కాడు. అక్క మొహం సూదిమొనలా వచ్చింది. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి. వెనక పరదా ముడతలు సుడి తిరిగాయి. వెలుగుచుక్క సరిగ్గా నెత్తిమీద పడింది. తమ్ముడు పెన్ను తీసి, రెండు కార్డుల మీదా అచ్చయిన మాటలు కొట్టేసి, అటుది ఇటు, ఇటుది అటు రాశాడు.

"నేను రాను. ముసలమ్మ ఎక్కడుంటే నేనక్కడ" అంది అక్క.

"ముసలమ్మనీ తీసుకెళదాం. మాల్‌లో కూడా రెండు కుర్చీలు ఎక్కువ వేయిస్తాను."

"ఫ్యాను కూడా పెట్టించండి, తిరిగేది" అంది చిన్నావిడ.

ఇక తమ్ముడి వంతు. స్టూలు మీద బుద్ధిగా కూర్చున్నాడు. అక్క తన చోటికి తాను వచ్చి, హాయిగా కన్ను పెట్టింది. మరుక్షణమే తల వెనక్కి లాక్కుంది. లెన్సు అంచున వేలిముద్రంత ఆవిరి.

గుడ్డతో తుడిచింది. పోలేదు. టైలరమ్మ కుర్చీలో ముందుకి జరిగి కూర్చుంది.

"నా మీదా?" అంది అక్క లెన్సుతో. "ఇన్నేళ్ళు నీకు మొహం కడిగినదాన్ని. వాణ్ణి ఎత్తుకు పెంచినదాన్ని. నా మీదా నీ అలక?"

ముసలమ్మ జవాబు చెప్పలేదు. వేలిముద్రంత ఆవిరి అక్కడే ఉంది. స్టూలు మీది తమ్ముడు, అన్నీ నేర్పావు గానీ ఇదొక్కటీ నాకెందుకు నేర్పలేదక్కా అని అడగలేదు. అడగకుండా చొక్కా గుండీ సర్దుకున్నాడు. వాడు ఈ రింగు మీద చెయ్యి వేసిన ప్రతిసారీ "ముట్టుకోకు, పాడవుతుంది" అన్న తన గొంతే అక్కకి వినబడింది.

"నేర్పుతాలే" అంది విసుగ్గా.

ఆవిరి కదల్లేదు.

అక్క ముసలమ్మని కాల్చేసేలా చూసింది. తర్వాత మెడలోంచి స్టూడియో తాళంచెవి తీసి తమ్ముడి ఒళ్ళోకి విసిరింది.

"రేపు పొద్దున షట్టరు నువ్వే ఎత్తు. ముందు లైటు వెయ్యకు, చీపురు పట్టకు. పొడిగుడ్డతో మొహం తుడువు, మధ్యనుంచి అంచుకి. నిద్ర బాగా పట్టిందా అని అడుగు. ఎనిమిదింటికల్లా వస్తాను, నా చేతికింద నేర్చుకుందువుగాని. మూత తియ్యకుండా ఫొటో తీశావంటే మాత్రం వీపు పగలగొడతాను."

కోపంగానే అంది. కోపంగా అన్నా కడుపులోంచి అంది.