స్క్రూ తిప్పని టెస్టర్

బేరమాడేవాళ్లంటే నిరంజన్‌కు చిరాకు లేదు. బేరమాడేవాడు సరుకును తిప్పి చూస్తాడు, చూసి కొన్నవాడు మళ్లీ గొడవకు రాడు. అది ఆయన లెక్క. కానీ ఆ పూట బిజినేపల్లిలోని తన మోటారు సామాన్ల దుకాణంలో లింగయ్య బేరం చూస్తుంటే మాత్రం చిరాకేసింది.

లింగయ్య బోరు స్టార్టర్‌లో వైర్లు కాలిపోయాయి. నీళ్లు లేక పల్లి చేను వాడిపోతోంది. వైర్లు కట్టడానికి, ఊళ్లో అందరి మోటార్లూ చూసే దేవదాసును వెంటబెట్టుకొచ్చాడు. నిరంజన్ గల్లా పక్కన రెండు మొనల టెస్టర్ పెట్టాడు. రెండు మొనలకూ మధ్య ఒక వైరు, ఒక మొన పిడి మీద దీపాల వరస.

"గిదేంది సేటూ? దీంతోని స్క్రూ తిరుగుతదా?"

"తిరగదు లింగన్నా. కరెంటు ఉన్నదా లేదా చెప్తది."

"స్క్రూ తిరగకుంటే అది టెస్టరెట్లయితది? పెన్ను లెక్కుంటది సూడు, అదియ్యి."

ఆ చుట్టుపక్కల రైతులు టెస్టర్ కొనే తీరే అంత. మొన గట్టిదా, పిడి జారుతుందా, బలంగా తిప్పితే వంగుతుందా అని చూస్తారు. లోపలి దీపం సంగతి ఎవడూ అడగడు.

నిరంజన్ పెన్ను టెస్టర్‌ను, వైరు బోర్డును మెట్ల మీది ఎండలోకి తెచ్చాడు. సాకెట్లో మొన పెట్టి, "వెలిగిందా?" అన్నాడు.

"ఏం కనవడ్తలేదు."

"కరెంటు ఉన్నదన్నా. ఎండకు దీపం కనవడ్తలేదు. నీ బోరు కాడ నీడుందా?"

"చెయ్యడ్డం పెట్టి చూస్తడు తియ్. రెండు చేతులున్నయి గద వానికి."

దేవదాసును చూపిస్తూ, సంతలో ఎద్దు పళ్లు చూసి చెప్పినట్టు చెప్పాడు లింగయ్య. దేవదాసు తల దించుకున్నాడు.

"గీ పనికి అది నేనియ్య," అన్నాడు నిరంజన్.

లింగయ్య నవ్వి ఎదురు దుకాణానికి నడిచాడు. దేవదాసు దీపాల వరస వైపు ఒకసారి చూసి, ఆయన వెనకాలే పోయాడు.

గిరాకీ పోతే మళ్లీ వస్తుంది. దేవదాసు పోతే? కరెంటుదే తప్పంటాడు లింగయ్య, పాడె లేచేలోపే ఇంకొకణ్ని వెతుక్కుంటాడు. నిరంజన్ దుకాణం భార్య సుహాసినికి అప్పజెప్పి, రెండు మొనల టెస్టర్ సంచిలో వేసుకుని బండి తీశాడు.

ఆయన లింగయ్య చేను చేరేసరికి బోరు కాడ మెయిన్ స్విచ్ పిడి కిందికి దించి, ఆఫ్ చేసి ఉంది. దేవదాసు పెన్ను టెస్టర్‌కు అరచెయ్యి అడ్డం పెట్టి కళ్లు చికిలిస్తున్నాడు.

"వెలుగుతలేదనుకుంట పటేలా."

"అయితే కట్టు మరి. చేను చస్తది!" అన్నాడు లింగయ్య.

దేవదాసు వేళ్లు వైరు మీదికి పోతున్నాయి.

"చెయ్యి తియ్!" నిరంజన్ గట్టు మీది నుంచే అరిచాడు.

ఒక మొన భూమిలో దిగేసిన ఎర్త్ కడ్డీకి ఆనించి, రెండో మొనను ముందుగా స్విచ్‌లోకి కరెంటు వచ్చే వైపు పెట్టాడు. దీపాలు ఎండలోనూ ఎర్రగా వెలిగాయి. అంటే టెస్టర్ బాగానే ఉంది. తర్వాత స్టార్టర్‌కు పోయే వైర్లు ఒక్కొక్కటే చూశాడు. పక్క రెండింటికీ దీపాలు వెలగలేదు. నడిమిదానికి వెలిగాయి. పిడి దిగినా లోపల నడిమి రాగి పట్టీ కరిగి అతుక్కుపోయింది.

దేవదాసు వెనక్కి జరిగాడు.

"నడిమిది ముట్టకు," అన్నాడు లింగయ్య. "పక్కవి కట్టు."

నిరంజన్ ఆయన మొహంలోకి చూశాడు. ఎగతాళి కాదు, నిజంగానే అంటున్నాడు.

"నువ్వే కట్టుకో పటేలా." దేవదాసు పట్టకారు కింద పెట్టేశాడు.

"నీకు కాకుంటే పక్కూరి పాల్‌ను పిలుస్త, వాడు కడ్తడు."

ఆ మాట పూర్తయ్యేలోపే దేవదాసు తన ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "పాల్, లింగయ్య పటేల్ పిలిస్తే రాకు. హ్యాండిల్ దించినా కరెంటు వస్తది. పిల్లలున్నోనివి."

లింగయ్య నిరంజన్ మీదికి తిరిగాడు. "నీ డబ్బా అమ్ముడుపోనీకి మనిషిని బెదరగొట్టినవ్!"

"అవును, అమ్ముకునేటోన్నే. లైన్‌మన్‌కు ఫోన్ కొట్టు. ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫ్యూజులు పీకుతడు. అప్పుడు గూడ దీంతోనే చూసినంకనే దేవదాసు ముడ్తడు."

వేరే దారి లేక లింగయ్య ఫోన్ తీశాడు. అవతల ఎత్తగానే గొంతులో ఏడుపు తెచ్చుకున్నాడు.

"సారూ, జల్ది రాండ్రి. మా దేవదాసు పాణం మీదికొచ్చింది. మనిషి పాణం సారూ!" ఫోన్ పెట్టి చేను వైపు చూస్తూ, "గట్లంటెనే వస్తరు వీళ్లు," అన్నాడు.

నిరంజన్ పక్కకు తిరిగి ఉమ్మేశాడు. టెస్టర్‌ను దేవదాసు చేతిలో పెట్టి బండి స్టార్ట్ చేశాడు.