విడిగా రాని క్లిప్పు

ఆ ఉదయం మబ్బు ఇళ్ళ కప్పుల దాకా దిగి వచ్చి కూర్చుంది. కురవనూ లేదు, పోనూ లేదు. గాలి ఆడక తీగ మీది బట్టలు ఎలా ఆరేశారో అలాగే వేలాడుతున్నాయి. అంత మసక వెలుతురులోనూ మామగారి వాకిట్లో మోటారుసైకిలు మెరుస్తోంది. గేటు తీసిన పెద్దల్లుడికి ముందు కంటబడింది అదే.

మామగారు బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. మాట తక్కువ. ఆ ఇంట్లో బండికి సంబంధించి ఒక పద్ధతి ఉండేది. మరమ్మతు చేసినవాడే బండి నడపాలి, మామగారు వెనక కూర్చుంటారు. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగి రావాలి. ఉద్యోగమంతా ముందు సీట్లో గడిపిన మనిషి ఇంకొకరి వీపు చూస్తూ కూర్చునేది ఆ కాసేపే. నీ పని మీద నాకు నమ్మకం ఉందని ఆయన నోటితో అనరు. అలా కూర్చుని చెప్పేవారు.

పెళ్ళయిన కొత్తలోనే పెద్దల్లుడు ఆ నమ్మకం సంపాదించుకున్నాడు. అతను మోటార్లకు వైండింగు చేస్తాడు. కాలిపోయిన మోటారు విప్పి, మాడిన తీగ లాగేసి, కొత్త రాగితీగ చుట్టలు చుట్టి మళ్ళీ తిప్పడం అతని వృత్తి. బండికి జలుబు చేసినా అతనే, జ్వరం వచ్చినా అతనే.

కిందటి వారం అతను పనిమీద పొరుగూరు వెళ్ళినప్పుడు బండి దగ్గడం మొదలుపెట్టింది. చిన్నల్లుడు చెయ్యి వేశాడు. అతను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు. ముందుగా నేల మీద తెల్లగుడ్డ పరిచాడట. విప్పిన ప్రతి ముక్కనూ దాని మీద వరసగా పేర్చాడట. బాగయ్యాక మామగారు అతని వెనకెక్కి, వీధి చివర కాదు, ఏకంగా రైలుగేటు దాకా వెళ్ళొచ్చారట. ఈ 'అట'లన్నీ పెద్దల్లుడు భార్య నోట విన్నాడు.

"రైలుగేటు దాకానా?"

"అవునండీ. అక్కడ ఆగి టీ కూడా తాగారట."

"నాతో ఎప్పుడైనా తాగారా మీ నాన్న?"

"మీరు టీ తాగరుగా!"

"తాగను. తాగమని అడగొచ్చుగా?"

ఆమె నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. ఆ వారమంతా తీగ చుడుతున్నా రైలుగేటే కళ్ళముందు.

ఆదివారం భోజనం అందరికీ అత్తగారింట్లోనే. అందుకే పొద్దున్నే భార్యతో వచ్చాడు. మామగారు క్షవరానికి వెళ్ళారు. ఆడవాళ్ళు వంటింట్లో ఉన్నారు. పెద్దల్లుడు బండి దగ్గరికి వెళ్ళి ఒక్క తన్ను తన్నాడు. లేచింది. తన చేతిలో ఉన్నప్పుడు రెండో తన్నుకి గాని లేచేది కాదు. చెవి వంచి విన్నాడు. ఎక్కడా తడబాటు లేదు. ఒక్క తప్పు దొరికినా ప్రాణం కుదుటపడేది. తప్పు లేకపోవడమే కడుపులో మంటైంది.

'ఎక్కడో ఒకచోట తప్పు చేసే ఉంటాడు' అనుకుని, ఇంట్లోంచి పానాల సంచి తెచ్చి కార్బొరేటరు మూత విప్పాడు.

మూతతోపాటు స్ప్రింగు, దాని కింద గొట్టంలాంటి ముక్క, ఆ ముక్కలో వేలాడుతూ సన్నని సూది బయటికి వచ్చాయి. పెట్రోలు ఎంత పోవాలో చెప్పేది ఆ సూదే. దాని తల దగ్గర గీతలు ఉంటాయి. ఒక గీతలో చిన్న క్లిప్పు కూర్చుని సూది జారిపోకుండా పట్టుకుంటుంది. చంటిపిల్ల చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. దాన్ని ఒక గీత పైకి జరిపితే బండి గొంతు మారుతుంది. మారితే మామగారి చెవికి తెలుస్తుంది, పెద్దల్లుడి చెయ్యి పడిందని. స్క్రూడ్రైవరు మొనతో నొక్కాడు.

టిక్కుమంది. క్లిప్పు లేదు.

ముందు కదలకుండా నిలబడి, కళ్ళతోనే వెతికాడు. తర్వాత కూర్చుని, తర్వాత మోకాళ్ళ మీద, చివరికి బోర్లా పడుకుని వెతికాడు. చీపురు తెచ్చి వాకిలి ఊడ్చి దుమ్మంతా కుప్ప చేశాడు. సంచీలో ఉన్న అయస్కాంతం ఆ కుప్పలో తిప్పాడు. తుప్పు మేకులు, సీసా మూత, అత్తగారి తలపిన్ను, ఎప్పటిదో తాళంచెవి అన్నీ వచ్చి అంటుకున్నాయి. కావలసింది తప్ప.

భార్య గుమ్మంలోకి వచ్చింది. "ఏం పోయింది?"

"ఏం లేదు."

"ఏం లేనిదానికి వాకిలి ఊడుస్తున్నారా? మనింట్లో చీపురు ఎక్కడుంటుందో కూడా తెలీదు మీకు."

"పని చూసుకో."

ఆమె విప్పి ఉన్న బండిని చూసింది, అతని మొహం చూసింది. "బాగున్నదాన్ని ఎందుకు విప్పారు?" అంది మెల్లిగా. అతను సూదిని జేబులో వేసుకుని బయటపడ్డాడు.

స్పేర్‌పార్టుల షాపాయన సూదిని వెలుతురుకి పట్టి చూశాడు.

"క్లిప్పు విడిగా రాదండీ. సెట్టు కొనాలి."

"గేదెను కొంటేగాని పలుపుతాడు ఇవ్వనంటావు. సరే, సెట్టే ఇవ్వు."

"ఈ మోడలుకి సెట్లు రావడం మానేశాయి."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

"మీరు ముందడిగింది క్లిప్పు కదండీ."

పాత ఇనుము కొట్టులో కార్బొరేటర్లు గంపెడు ఉన్నాయి. పెద్దల్లుడు చొక్కా చేతులు మడిచి ఒక్కోటీ విప్పాడు. కొన్నిటిలో సూదుల్లేవు. ఉన్నవాటికి క్లిప్పుల్లేవు. ఒకదానికి ఉంది కానీ, ముట్టుకుంటే తుప్పై రాలింది.

"ముందు పారిపోయేది అదేనయ్యా" అన్నాడు కొట్టాయన బీడీ ఆర్పుతూ. "ఎంత చిన్నదైతే అంత పొగరు. అయినా ఇలాంటివి ఏరి దాచుకునే మనిషి ఒకాయన ఉన్నాడు. నా దగ్గరికి వచ్చి ఓపిగ్గా కూర్చుని ఏరుకెళ్తాడు. ఆయన్నడుగు, కాదనడు. బంగారంలాంటి మనిషి."

"ఎవరు?"

"కళ్ళద్దాల షాపులో ఉంటాడే, ఆయన."

పెద్దల్లుడు చేతులు తుడుచుకోకుండానే లేచాడు. తుప్పులో కూడా వాడి పేరే. అడిగితే వాడు ఇస్తాడు. నవ్వుతూ ఇస్తాడు. ఆ నవ్వు తలుచుకుంటేనే అతనికి నోరు చేదైంది.

దారిలో తన షాపు తాళం తీశాడు. గోడకి రాగితీగ చుట్టలు లావు, సన్నం వరసగా వేలాడుతున్నాయి. అన్నిటికంటే సన్నదాన్ని తీసి, సూది గీతలో బిగించి చుట్టి, పైన ఇంకో వరస చుట్టి, ముడి వేశాడు. లాగి చూస్తే కదల్లేదు. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందంటే, క్లిప్పు కంటే ఇదే నయమనిపించింది. ఇన్నేళ్ళలో తను వేసిన ముడి ఒక్కటీ జారలేదు. ఆ ధైర్యంతోనే వెళ్ళి బండి బిగించాడు. కానీ మోటారులో తీగ చుట్ట కూర్చున్నచోట కూర్చునే ఉంటుంది. ఇక్కడ సూది క్షణం నిలవదు. ఆ తేడా అతని చేతికి తట్టలేదు.

బండి రెండో తన్నుకి లేచింది. అప్పుడే మామగారు నున్నటి గడ్డంతో గేటు తీసుకుని వచ్చారు.

"ఏరా, విప్పావా?"

"ఊరికే శుభ్రం చేశా మావయ్యా."

"మొన్ననే చేశారుగా చిన్నల్లుడుగారు."

ఇన్నేళ్ళ చనువుతో తనను ఒరేయ్ అనే నోరు వాణ్ణి గారు అంటుంది. పెద్దల్లుడు తల వంచుకుని హ్యాండిలు తుడిచాడు. మామగారు కాసేపు ఇంజను శబ్దం విన్నారు. కనుబొమ్మలు కొంచెం ముడిపడ్డాయి. అయినా పద్ధతి పద్ధతే. చెప్పుల దుమ్ము విదిలించి వెనకెక్కారు.

వీధిలోకి రాగానే ఇస్త్రీ చేసే ఆయన బల్ల దగ్గరినుంచి కేకేశాడు. "ఏం డ్రైవరుగారూ! ఇవాళ పెద్దల్లుడి వంతా?"

మామగారు ఊఁ కొట్టారు. భుజం మీద ఆయన చెయ్యి బరువుగా, వెచ్చగా ఉంది. పెద్దల్లుడికి వారం రోజులుగా మూసుకుపోయిన ఊపిరి తెరుచుకుంది. ఇద్దరు ముగ్గురు తలెత్తి చూశారు. ఇంకా ఎక్కువమంది చూస్తే బాగుండునని మెల్లిగా నడిపాడు. వీధి చివర వచ్చింది. అక్కడ తిప్పుకుని ఉంటే సరిపోయేది.

"తిప్పరా" అన్నారు మామగారు.

"రైలుగేటు దాకా వెళ్దాం మావయ్యా. టీ తాగొద్దాం."

"నువ్వు టీ తాగవుగా?"

"ఇవాళ తాగుతా."

గేటుకి ముందు ఎత్తుంది. ఎత్తు ఎక్కడానికి హ్యాండిలు తిప్పాడు. బండి గొంతు పూడుకుపోయినట్టు ఒక్క ఎక్కిలి పెట్టి ఆగిపోయింది. వెనక్కి జారడం మొదలైంది. వెనకే లారీ. హారను చెవులు పగలగొట్టింది. పెద్దల్లుడు బ్రేకు పట్టేలోపే మామగారు రెండు కాళ్ళూ నేలకి తన్ని ఆపారు. ఒక చెప్పు తెగి లారీ చక్రం దగ్గర పడింది.

లారీ డ్రైవరు తల బయటపెట్టాడు. "పెద్దాయన్నెక్కించుకుని ఏం నడపడమయ్యా అది? రోడ్డు మీదికి వచ్చేముందు నేర్చుకుని రండి! ఏం తాతా, నువ్వైనా చెప్పొద్దా?"

నడిరోడ్డు మీద ఏనాడూ బండి ఆపని మనిషి. ఇంకో డ్రైవరు చేత మాట పడని మనిషి. మామగారు తెగిన చెప్పు తీసుకుని రోడ్డు పక్కకి నడిచారు. పెద్దల్లుడు బండి తోసుకుంటూ వెనకే వెళ్ళాడు.

"ఏం పోయింది?" అని అడిగారాయన.

"సూది క్లిప్పు."

"మరి ఏం పెట్టావు?"

పెద్దల్లుడు వంగి బండికి స్టాండు వేశాడు. ఈలోగా భోజనానికి వస్తూ, ఎదురుగా సైకిలు మీద, ఉతికిన చొక్కాతో చిన్నల్లుడు కనిపించాడు. "వదిన ఫోను చేసింది మావయ్యా. ఏదో చిన్న ముక్క పోయిందంటే, క్లిప్పే అయ్యుంటుందని నా డబ్బాలోంచి తెస్తున్నా" అంటూ దిగాడు. ఎవరికి ఏమైందని అడగలేదు. జేబురుమాలు తీసి రోడ్డు పక్క బండ మీద పరిచి, మూత విప్పి సూది బయటికి తీశాడు.

రాగితీగ ముడి అలాగే ఉంది, బిగువు మాత్రం పోయింది. సూది అందులోంచి కిందికి జారి దారి మూసేసింది. చిన్నల్లుడు దాన్ని చూశాడు. పెద్దల్లుడి వంక చూడకుండా తీగ ఊడదీసి, గబుక్కున చొక్కా జేబులో వేసుకున్నాడు.

"ఏమిటండీ అది?" అన్నారు మామగారు.

"ఏం లేదు మావయ్యా. చెత్త."

"చూపించండి."

చిన్నల్లుడు అరచెయ్యి చాపాడు. జల్లెడ పట్టినట్టున్న ఆ మబ్బు వెలుతురులో చిన్న రాగి చుట్ట మెరిసింది. మామగారు దాన్ని రెండు వేళ్ళతో తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"చుట్టడం మాత్రం బాగా చుట్టావురా" అన్నారు.

లారీవాడి కేకలు చెవిదాకానే వెళ్ళాయి. ఈ మాట ఎముకదాకా వెళ్ళింది. కానీ పెద్దల్లుడికి ఆయన మీద కోపం రాలేదు. దాచబోయినవాడి మీద వచ్చింది. నన్ను కాపాడమని వీణ్ణెవడు అడిగాడు?

కొత్త క్లిప్పు వేలిమొన మీద కనబడీ కనబడకుండా ఉంది. చిన్నల్లుడు ఊపిరి బిగబట్టి దాన్ని గీతలోకి నెట్టాడు. బిగించాడు. బండి ఒక్క తన్నుకి లేచింది. పద్ధతి ప్రకారం అతను ముందు సీటు ఎక్కబోయాడు. మామగారు అతన్ని చేత్తో పక్కకి తప్పించి, ఒంటికాలి చెప్పుతో తనే ఎక్కి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు.

ఇద్దరూ సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. చాలాదూరం వచ్చాక చిన్నల్లుడన్నాడు, "నన్నడిగితే ఇచ్చేవాణ్ణి కదా అన్నయ్యా."

"అందుకే అడగలేదు."

చిన్నల్లుడు సైకిలు బెల్లు ఒకసారి ఉత్తినే మోగించాడు.

ఇంటికి వచ్చేసరికి మామగారు వాకిట్లో నిలబడి ఉన్నారు. పానాల సంచి బండి పెట్టెలో పెట్టి తాళం వేశారు.

"రేపటినుంచి బండి మెకానిక్కు షెడ్డుకే ఇస్తాను. ఇంట్లో ఎవరూ విప్పొద్దు."

"మావయ్యా, నేను..." అన్నాడు చిన్నల్లుడు.

"మీరు కూడా."

చిన్నల్లుడి మొహం వాడిపోయింది. దెబ్బ తినాల్సినంత తప్పు అతనేం చేశాడని? అది పెద్దల్లుడికీ తెలుసు. తెలిసి కూడా, ఆ 'మీరు కూడా' అన్న మాట వినగానే అతని కడుపులో వారంగా రగులుతున్నది చల్లగా ఆరిపోయింది. తనకి లేదు. పోనీ, వాడికీ లేదు. కొళాయి దగ్గర చాలాసేపు చేతులు రుద్దుకున్నాడు.

భోజనాలకి కూర్చున్నారు. అత్తగారు వడ్డించారు. మామగారు కంచం మీదినుంచి కళ్ళెత్తలేదు. ఆయన మాట్లాడకపోతే ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడరు. చిన్నల్లుడు మెతుకులు కెలుకుతున్నాడు. అతని భార్య రెండుసార్లు చూసి, మంచినీళ్ళ గ్లాసు దగ్గరగా జరిపింది.

పెద్దల్లుడికి విపరీతంగా ఆకలేసింది. కంచంలోది అయిపోయింది. చెయ్యెత్తి, ఇంకొంచెం వెయ్యమని వేళ్ళతోనే సైగ చేశాడు. భార్య గరిటె పట్టుకుని వంగింది. వంగినదల్లా ఆగి, వారం తర్వాత తేటపడిన అతని మొహంలోకి చూసింది. చూసి, వడ్డించింది. అతను తల దించుకుని తిన్నాడు.