బ్రేకు పట్టినా ఆగని బండి

"మంచిగ మెరిసేటట్టు కడుగు. బోధన్ నుంచి బండి చూడనీకి వస్తుండ్రు," అంటూ నాగేందర్ బకెట్ తెచ్చి నవత ముందు పెట్టాడు. అదే పెద్ద సాయమన్నట్టు వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు.

నవత ఆ కరెంటు స్కూటీని అంట్ల గిన్నె తోమినట్టు తోముతోంది. కొన్నప్పుడు రెక్కలొచ్చాయనుకుంది. రెక్కల మాట దేవుడెరుగు, బిడ్డ బడి, అత్త మందులు, ఇంటి సరుకులు అన్నీ ఆమె నెత్తిన పడ్డాయి. ముందు భాగంలో పడిన గీత మీద నాగేందర్ నిన్ననే అమ్మవారి స్టిక్కరు అంటించాడు. రుద్రూర్ మలుపులో చెరకు ట్రాక్టరు అడ్డం వచ్చినప్పుడు ఆమె బ్రేకు పట్టింది. బండి ఆగకపోగా ముందుకు దూకింది. బండి మీద తన ముందు నిలబడ్డ బిడ్డ గడ్డం పగిలి కుట్లు పడ్డాయి. షోరూంలో మెకానిక్ బండికి లాప్‌టాప్ తగిలించి చూసి, "ఇందుల ఏ తప్పు చూపిస్తలేదక్కా, భయానికి మీరే ఎక్స్‌లేటర్ తిప్పి ఉంటరు," అన్నాడు.

ఇక నాగేందర్‌కు అడ్డేముంది? ఏ పెళ్లికి వెళ్లినా, "మా ఆమె బ్రేకనుకొని ఎక్స్‌లేటర్ తిప్పింది," అని పదిమందినీ నవ్వించేవాడు. తను మాత్రం ఆనాటి నుంచి ఆ బండి ఎక్కలేదు. "బండెక్కిననాడే అనుకున్న," అనేది అత్త భీమవ్వ. చివరికి నవతకు తన చేతుల మీదే అనుమానం పుట్టింది. కూరలో ఉప్పు వేశానా లేదా అని మళ్లీ మళ్లీ రుచి చూసుకునేది. తర్వాత కూడా బండి అలాగే దూకింది. బిడ్డను ఎక్కించడం మానేసింది. ఇంట్లో చెప్పడమూ మానేసింది. చెప్పి నవ్వులపాలు కావడం దేనికి?

కొనడానికి వచ్చిన అల్ఫియా టీచరమ్మ. బండి చుట్టూ తిరిగి చూసింది. "నా బిడ్డను ముందల నిలవెట్టుకొని స్కూలుకు పోవాలె అన్నా. బండితోని పరేషాన్ ఏం లేదు గదా?"

"ఏం లేదమ్మా. నడిపింది మా ఆమెనే. ఆమెనే అడుగు," అన్నాడు నాగేందర్.

నవత చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో తన మాట అతనికి ఇప్పటికి అవసరమైంది, అదీ అబద్ధం చెప్పడానికి! ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"కొనకు చెల్లే. బ్రేకు పడితే ఒక్కోపారి ముందుకు దుంకుతది. నా బిడ్డ గదువ పగిలింది."

"గది నీ తప్పేనని షోరూమోళ్లు చెప్పిండ్రు గదనే!" నాగేందర్ లేచి నిలబడ్డాడు.

నవత తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది. "అట్లనా? అయితే మన బిడ్డను ముందల నిలవెట్టుకొని గా చౌరస్తా దాక పోయి రా."

బండి షికారు అనగానే బిడ్డ అప్పుడే చెప్పులు వేసుకుని గుమ్మంలోకి వచ్చింది. నాగేందర్ బిడ్డ గడ్డం మీది మచ్చను చూశాడు. బండిని చూశాడు.

"ఎండ మస్తున్నది," అని గొణిగి తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

అతను నమ్మలేదనే నవత ఇన్నాళ్లూ ఏడ్చింది. అతను మొదటి రోజే నమ్మాడు.