నీళ్లు తేటపడేదాకా

మేతల పరీక్షశాలలో నా పని సంచులు ఉతకడం. అరచేతిలో ఇమిడే నైలాను సంచుల్లో ఎండుగడ్డి తూచి పోస్తారు. మూతులు నేను కుట్టేస్తాను. ఆవు డొక్కకు అమర్చిన రబ్బరు మూత తీసి, వాటిని పెద్దపొట్టలోకి దింపుతారు. రెండు రోజులకు పైకి తీస్తే నేను ఉతికి, ఆరబెట్టి ఇస్తాను. తరిగిన బరువంతా ఆవు అరిగించుకున్నట్టు. మేత మంచిచెడ్డలు అలా తేలుతాయి.

ఆ మూతను బట్టి మా ఆవుకు కిటికీ అని పేరు పడింది. పదకొండేళ్లు దాని పక్కనే పనిచేశాను.

"దీనికి కిటికీ పెట్టారు గానీ గుమ్మం పెట్టలేదు అత్తా. పెట్టుంటే నువ్వు లోపలే కాపురం ఉండేదానివి," అనేవాడు కొట్టం చూసే అతను.

"ముందు నీ నోటికి పెట్టించాలిరా ఆ మూత!"

ఈమధ్య కిటికీ నెమరు తగ్గింది. డాక్టరమ్మ నన్ను పిలిచింది.

"పెద్దమ్మా, ఎప్పుడూ వాడే గడ్డితోనే ఆరు సంచులు పెట్టి చూద్దాం. సగమైనా అరిగితే ఇక్కడే ఉంటుంది. లేదంటే ముసలి పశువుల కొట్టానికి పంపేయాలి. దీని పొట్ట పనిచెయ్యక మనం మంచి మేతను చెడ్డదని రాస్తే ఎలా?"

న్యాయమైన మాటే. ఆరు సంచుల మూతులూ కుట్టి ఇచ్చాను.

మా ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు, వేసిన తాళాన్ని రెండుసార్లు లాగి చూశాను. ఆయన మొహం మాత్రం సరిగా చూడలేదు. ఆయన మళ్లీ ఇంటికి రాలేదు. అప్పట్నుంచి ఎవరు ప్రయాణమైనా నా చెయ్యి ఏదో పొరపాటు చేస్తుందని గుండెలో పీకుతూనే ఉంటుంది.

సంచి చిరిగితే పరీక్ష చెల్లదు. ఆ భయంతో కిటికీ సంచులు ఆరింటినీ పసిపిల్ల తల కడిగినట్టు కడిగాను. కుట్టు కుట్టునూ తడిమి చూసుకున్నాను.

ఆరాక డాక్టరమ్మ తూచింది. నా వైపు చూడకుండానే అంది, "సగం కూడా తరగలేదు పెద్దమ్మా."

మర్నాడు పొద్దున్నే బండి వచ్చింది. కిటికీ ఎక్కనని మొరాయించింది. నేను ముందు నడిచాక, నా వెనకే ఎక్కేసింది.

మధ్యాహ్నం ఇంకో ఆవు సంచులు వచ్చాయి. ఎప్పటిలాగే గట్టిగా రుద్దాను. పచ్చటి మురికి తొట్టి నిండా దిగింది. ఎదురుగా గోడమీద కాగితం: 'నీళ్లు తేటపడేదాకా ఉతకాలి.' కొట్టు పొట్లాల మీద అక్షరాలు కూడబలుక్కున్న నేను, ఈ గదిలో మొదట చదివిన వాక్యం అదే.

కిటికీ సంచులు కడిగిన రోజు నేను కుట్లు చూశాను. నీళ్లు చూడలేదు.

డ్రాయరులోంచి కిటికీ సంచి ఒకటి తీసి, నానబెట్టి రుద్దాను. నీళ్లు పచ్చబడ్డాయి. అరిగిన గడ్డి వదలక సంచిలోనే ఉండి, బరువులో కలిసిపోయింది.

డాక్టరమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాను. ఆమె తొట్టివంక చూసి, ముసలి పశువుల కొట్టానికి ఫోను చేసింది. రెండే రెండు మాటలు మాట్లాడి పెట్టేసింది.

"వెళ్లగానే డొక్క కుట్టేశారట పెద్దమ్మా. ఇక తెరవడం కుదరదు. తప్పు నాది. ఒకసారి నీళ్లు చూసి ఉండాల్సింది."

"నువ్వు చూడలేదు సరే. ఉతికింది నేను కదమ్మా," అన్నాను.

ఆమె వెళ్లిపోయింది. మిగిలిన అయిదు సంచులూ తొట్టిలో వేసి, కుళాయి తిప్పి, ఒక్కొక్కటే రుద్దసాగాను.