సూది తగిలిన గడ్డ

సూది తగిలితే గడ్డ రేగుతుందనీ, రేగిన గడ్డ ఒళ్లంతా పాకుతుందనీ తిరుచానూరులో పంకజాక్షి ఎరిగినవాళ్లందరూ నమ్ముతారు. ఆమె దగ్గర సాక్ష్యం కూడా ఉంది.

"మా మరిది వరదయ్యకు పరీక్షకని గడ్డలో సూది దూర్చినారు, మూడు నెల్లకే పోయినాడు. కండ్లారా సూసినా," అంది, నూరిన పసరు గిన్నె కోడలికి అందిస్తూ. "మండలం రోజులు కట్టు కట్టుకో అమ్మీ, కరిగిపోతాది."

"సూదికి ముందు ఆ గడ్డ ఎన్నాళ్లుండె అత్తా?" అడిగింది మోహన.

"రెండేండ్లు. నొప్పి గూడా లేకపోయె, పాపం."

"రెండేండ్లు గడ్డను వదిలేసి, సూదిని పట్టుకుంటిరే!"

"ముందు నీ నోటికి కట్టల్ల, మండలం కట్టు!"

మోహన గిన్నె పక్కన పెట్టి పెనం మీది దోసె తిప్పింది. కుడి రొమ్ములో చింతగింజంత గడ్డ చేతికి తగిలి పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ ఇంట్లో అందరూ దాని గురించి మాట్లాడుకున్నారు, ఆమెను అడగడం తప్ప. జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసింది తాను. పరిశోధనకు సీటు వస్తే, "ఇంట్లో ఒక లెక్చరరు చాల్లే," అన్నాడు భర్త రవిచంద్ర. డిగ్రీ కాలేజీలో అతడు చెప్పే పాఠాలు మాత్రం పద్నాలుగేళ్లుగా ఈ పొయ్యిగట్టు మీదే, పప్పు ఉడికేలోపు, ఆమె చేతిరాతలో తయారవుతున్నాయి. నిన్న రాసింది టెలొమరేజ్ గురించి. కణం చీలిన ప్రతిసారీ క్రోమోజోము కొసలు కొంత తరుగుతాయి. తరిగి తరిగి ఒక హద్దుకు వచ్చాక కణం చీలడం మానేస్తుంది. ఆ కొసలను తిరిగి పూరించే ఎంజైము టెలొమరేజ్. ఒంట్లోని చాలా కణాల్లో అది దాదాపు నిద్రపోతూ ఉంటుంది. క్యాన్సరును అదొక్కటే పుట్టించదు. కానీ ఎక్కువ క్యాన్సర్లలో అది మేలుకుంటుంది, కణానికి ఆ హద్దు చెరిగిపోతుంది. అటువంటి కణం తనలో ఉందో లేదో మోహనకు తెలియదు. ఉంటే, నలభై ఎనిమిదో రోజు దాకా అది ఆగదని మాత్రం తెలుసు.

రవిచంద్ర తల తుడుచుకుంటూ వచ్చి కాగితాలు అందుకున్నాడు. "బాగుండాది. ఈ పొద్దు ప్రిన్సిపాలు నా క్లాసులో కూర్చుంటానన్నాడు."

"దాంట్లో రాసిందంతా నిజమేనా?"

"నిజమే. అదేం ప్రశ్న?"

"మరి నన్నెందుకు మండలం రోజులు ఆగమంటారు?"

"పాఠం వేరే, ఇల్లు వేరే మోహనా. అమ్మ మనసు కష్టపెట్టేది ఎందుకు? నలభై ఎనిమిది రోజుల్లో ఏం మునిగిపోతాది?"

అతడి చేతిలోంచి కాగితాలు తీసుకుని ఆమె తన సంచిలో పెట్టుకుంది. పొయ్యి ఆర్పింది.

"నేను సూది పరీక్షకు పోతా ఉండా. ఇంక మీ పాఠాలు మీరే రాసుకోండి."

"ఏయ్, క్లాసు పదింటికి! ఇప్పుడు నేనేం చెప్పేది?"

"ఇల్లు వేరే అన్నారు కదా. ఇంట్లో రాసింది ఆడెందుకు?"

"టిఫినో?"

"పిండి ఉండాది. పోసుకోండి."

పంకజాక్షి గడప దాకా వెంట వచ్చి, "వరదయ్యను తల్సుకో!" అని అరిచింది. "తల్సుకునే పోతా ఉండా అత్తా," అని మోహన తిరుపతి బస్సెక్కింది.

ఆసుపత్రిలో నర్సు అడిగింది: "తోడు ఎవురొచ్చినారమ్మా?"

"ఎవురూ లేరు. సంతకం నేనే పెడతా."

ఫలితం ఆరో రోజున వచ్చింది: క్యాన్సరు. గడ్డ ఒకటిన్నర సెంటీమీటరు. చంకలోని గ్రంథులకు పాకలేదు. గడ్డ తీసేశారు, తర్వాత కీమో, రేడియేషన్ ఇచ్చారు. సూది గుచ్చిన పద్దెనిమిది నెలలకు చేసిన పరీక్షల్లో క్యాన్సరు ఒంట్లో ఎక్కడా కనిపించలేదు.