గొంతు పెంచిన గ్రంథి

బడిలో నా పక్కన కూర్చునేదాన్ని అందరూ జిరాఫీ అంటారు. అది నన్ను నత్త అంటుంది. నెలసరప్పుడు ప్యాడ్ కావలసి వస్తే నేరుగా నా సంచీలో చెయ్యి పెడుతుంది.

"నీ దగ్గర ఎప్పుడూ నిండుకోవేంటే నత్తా! పొదుగుతున్నావా?"

నేను నవ్వేస్తాను. పదహారు నిండినా నాకు వాటితో ఇంతవరకు పని పడలేదు. ఎవరికీ తెలియకూడదనే సంచీలో పెట్టుకు తిరుగుతాను. ఆ మాట చెప్పేయాలని రోజూ అనుకుంటాను. తెలిస్తే వేరే బెంచీకి పోతుందేమోనని భయం. నాకున్నది అదొక్కతే.

రక్తపరీక్ష కాగితం చూసి డాక్టరమ్మ అమ్మతో చెప్పింది.

"మెదడు కింద బఠాణీ గింజంత గ్రంథి ఉంటుందమ్మా. నెలసరికి కావలసిన ఈస్ట్రోజన్ తయారు చెయ్యమని అండాశయాలకు ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ పంపుతుంది. ఈస్ట్రోజన్ వస్తే ఆ పంపడం తగ్గిస్తుంది. మీ అమ్మాయికి అండాశయాలు పలకడం లేదు. అందుకే గ్రంథి ఇంకా ఇంకా గొంతు పెంచుతోంది."

"మా ఇంట్లో అచ్చం ఇంతే," అంది అమ్మ. "ఇది పలకదు. నేను వీధంతా వినపడేలా అరుస్తాను."

డాక్టరమ్మ నవ్వింది. అమ్మ నవ్వబోయి, సంచీలో ఏదో వెతకడం మొదలుపెట్టింది.

"ఈస్ట్రోజన్ మాత్రల్లో ఇద్దాం."

"అప్పుడు పిలవడం ఆపేస్తుందా?" అని అడిగాను. అక్కడ నేను మాట్లాడింది అంతే.

"చాలావరకు. జవాబు వచ్చిందనుకుంటుంది."

తర్వాత రెండు రోజులు బడికి వెళ్లలేదు. జిరాఫీ వస్తే ఈసారి చెప్పేయాలనుకున్నాను. రెండో రోజు సాయంత్రం అది వచ్చింది. కింద కొట్లో అమ్మ బట్టలు ఇస్త్రీ చేస్తోంది.

"నత్తా! ఒసే నత్తా!"

కిటికీ పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. చేతిలో మాత్రల అట్ట ఉంది.

"లేదా అత్తా?"

"పైనే ఉందమ్మా. ఇంకాస్త గట్టిగా పిలువు."



"వద్దులే అత్తా. దానికి నాతో మాట్లాడాలని లేనట్టుంది."

చెప్పుల చప్పుడు దూరమవుతోంది. ఒక్క ఉదుటున కిటికీ తలుపు తీశాను.

"ఆగవే," అన్నాను.

ఇస్త్రీపెట్టె బుసలో ఆ మాట కింద ఉన్న అమ్మకే వినపడలేదు. జిరాఫీ మలుపు దగ్గర సంచీని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంది. వెనక్కి చూడలేదు.